రవ్వ ఘనమా, ద్రవమా? విజయవాడ ప్రైవేటు స్కూళ్ల యాజమాన్యాలకు ఒక తల్లి బహిరంగ లేఖ

విజయవాడలో ప్రైమరీ స్కూళ్లు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్రిన్సిపాళ్లకు, ముఖ్యంగా ఏ వారం ఏ పాఠం అయిపోవాలో షెడ్యూల్ వేసి పంపే అకడమిక్ ఇన్‌చార్జిలకు నమస్కారం.

నేను టీచర్ని కాదండీ. వన్‌టౌన్‌లో మాకు స్టీలు, ఇత్తడి సామాన్ల షాపు ఉంది. మా మామగారు పెట్టింది. పొద్దున మా ఆయన కూర్చుంటారు, మధ్యాహ్నం నుంచి కౌంటర్ నాది. మా అమ్మాయి మూడో తరగతి. ఏ స్కూలో చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క స్కూలు గొడవ కాదు. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు రకాల యూనిఫాంలు ఆరేసి ఉంటాయి, ఆ నాలుగు స్కూళ్ల సైన్స్ నోట్సులూ తెప్పించుకుని చూశాను, దాదాపు ఒకటే రాత. ఘనపదార్థానికి నిర్దిష్ట ఆకారం ఉండును. ద్రవానికి నిర్దిష్ట ఆకారం ఉండదు, నిర్దిష్ట ఘనపరిమాణం ఉండును. వాయువుకు రెండూ ఉండవు. కింద మూడు గళ్ల పట్టిక, ఉదాహరణలు రాయి, నీరు, గాలి. అయిపోయింది, తర్వాతి పాఠం మొక్కలు.

మొన్న యూనిట్ టెస్టులో "పోసిన పాత్ర ఆకారాన్ని పొందే పదార్థాలకు మూడు ఉదాహరణలు రాయండి" అని ప్రశ్న వచ్చింది. మా అమ్మాయి నీళ్లు, పాలు, బొంబాయి రవ్వ అని రాసింది. రవ్వ మీద ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి పక్కన నూనె అని దిద్దారు. అర మార్కు పోయినందుకు ఈ లేఖ రాయడం లేదు, అంత ఖాళీగా లేను. కానీ ప్రశ్న మళ్లీ చదవండి. రవ్వ డబ్బాలో పోస్తే డబ్బా ఆకారం రాదా? గ్లాసులో పోస్తే గ్లాసు ఆకారం రాదా? అడిగినదానికి ఆ పిల్ల రాసింది తప్పెలా అయింది? పోనీ మీరు అడగాలనుకున్నది ద్రవాల గురించే అనుకుందాం, అప్పుడైనా "రవ్వ ఎందుకు రాశావమ్మా" అని ఒక్క మాట అడిగితే ఆ క్లాసులో నలభై నిమిషాల పాఠం దానంతటదే నడిచేది. అడగలేదు. ఆ టీచరమ్మను నేనేమీ అనను, ఆవిడ ముందు నలభై రెండు పేపర్లున్నాయి, సోమవారానికి మార్కులు యాప్‌లో ఎక్కించాలి. అడిగే తీరిక ఆవిడకు లేకుండా చేసింది మీ షెడ్యూలు. అందుకే ఈ లేఖ ఆవిడకు కాకుండా మీకు రాస్తున్నాను.

ఆ ఆదివారం డాబా మీద పిల్లల్ని కూర్చోబెట్టి రవ్వ సంగతి తేల్చుకోమన్నాను. ఒక పళ్లెంలో గ్లాసుడు నీళ్లు పోశారు, పరుచుకుని సమంగా నిలబడ్డాయి. ఇంకో పళ్లెంలో గ్లాసుడు రవ్వ పోశారు, మధ్యలో గుట్టలా నిలబడింది. "నీళ్లకు గుట్ట రాదు" అని రెండో అంతస్తు పిల్లాడు అరిచాడు. అంతలో ఇంకొకడు పళ్లేన్ని చేత్తో టకటకా తట్టాడు, గుట్ట కాస్తా జారి దాదాపు సమం అయిపోయింది, మళ్లీ గొడవ మొదటికొచ్చింది. నేను ఏమీ చెప్పకుండా భూతద్దం ఇచ్చాను. ఒక్క రవ్వ గింజను గోటి మీద పెట్టుకుని చూశారు. గ్లాసులో ఉన్నా, పళ్లెంలో ఉన్నా, గోటి మీద ఉన్నా దాని ఆకారం దానిదే. అక్కడి నుంచి ఇక నా అవసరం లేకపోయింది. కిందకి పరిగెత్తి గోళీలు తెచ్చారు, చింతగింజలు తెచ్చారు, ఒకమ్మాయి వాళ్లమ్మ చూడకుండా కందిపప్పు, గోధుమపిండి తెచ్చేసింది. గోళీలు సీసాలో పోస్తే అవీ సీసా నిండా సర్దుకున్నాయి, "మరి గోళీ ద్రవమా ఏంటి" అని వాళ్లలో వాళ్లే నవ్వుకుని, "అయితే రవ్వంటే బుల్లి బుల్లి గోళీలన్నమాట" అని మా అమ్మాయే తేల్చింది. ఘనపదార్థం పొడిగా ఉన్నప్పుడు ఎందుకు పారుతుందో ఇంతకంటే బాగా నేనైతే చెప్పలేను.

ఆ తర్వాత పెరుగు వచ్చింది, ఇడ్లీ పిండి వచ్చింది, టూత్‌పేస్ట్ వచ్చింది. బ్రష్ మీద పేస్టు కదలకుండా కూర్చుంటుంది, ట్యూబు నొక్కితే మాత్రం పారుతుంది, మరి దాన్ని ఏ గడిలో రాయాలి? రెండు గ్లాసుల కార్న్‌ఫ్లోర్‌లో దాదాపు గ్లాసుడు నీళ్లు కలిపి ఇచ్చాను. వేలు నెమ్మదిగా పెడితే మునిగిపోతుంది, గుద్దితే గోడలా గట్టిగా తగులుతుంది, చేతిలో నలుపుతూ ఉన్నంతసేపు ఉండ, ఆపితే వేళ్ల సందుల్లోంచి కారిపోతుంది. మీ మూడు గళ్ల పట్టికలో ఇది ఎక్కడా పట్టదు. పట్టకపోతే నష్టం లేదు, పట్టనివి కూడా ఉన్నాయని ఎనిమిదేళ్లకే తెలిస్తే పట్టిక ఎందుకు గీశారో అర్థమవుతుంది. (ఇది చేయిస్తే మిగిలిన పిండిని సింకులో మాత్రం పారబోయకండి, అడుగున గడ్డ కట్టి ప్లంబర్ని పిలవాల్సి వస్తుంది. పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేయండి.)

ఇక మా షాపు సంగతికి వస్తాను, నాకు బాగా తెలిసింది అదే కాబట్టి.

మా కౌంటర్ మీద పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇండక్షన్ స్టవ్ వచ్చినప్పటి నుంచి దాని అవసరం ఎక్కువైంది, గిన్నె అడుగుకు మ్యాగ్నెట్ అంటుకుంటేనే ఆ స్టవ్ మీద పనికొస్తుంది. కొందరు కస్టమర్లకు ఇంకో నమ్మకం ఉంది, మ్యాగ్నెట్ అంటుకుంటే అది మంచి స్టీలు కాదని. ఎవరి బేరం వాళ్లది. ఈ మ్యాగ్నెట్‌ను పిల్లల చేతికిచ్చి, ముట్టించకముందే ఏది అంటుకుంటుందో, ఏది అంటుకోదో రాయమన్నాను. ఈ ముందే రాయడం అనేది చాలా ముఖ్యమండీ, లేకపోతే అందరూ "నాకు ముందే తెలుసు" అంటారు. మెరిసేవన్నీ అంటుకుంటాయని ఒకడు రాశాడు. ఇత్తడి చెంబు తళతళా మెరుస్తోంది, అంటుకోలేదు. రాగి బిందె అంటుకోలేదు. సత్తు గిన్నె అంటుకోలేదు. సరే, ఇనుము ఉన్నవే అంటుకుంటాయని రూలు మార్చుకున్నారు, మేకు అంటుకుంది, పెనం అంటుకుంది, అట్లకాడ అంటుకుంది, అందరూ ఖుషీ. అప్పుడు రోజూ మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు పెట్టాను. అంటుకోలేదు. స్టీలులో ఎక్కువ భాగం ఇనుమే కదా, మరి ఇదేంటి?

304 అని ముద్ర వేసే రకం స్టీలులో ఇనుముతో పాటు సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, నికెల్ అంత ఉండటం వల్ల లోపల పరమాణువుల అమరిక మారిపోయి మ్యాగ్నెట్‌కు దొరకదు. 430 రకంలో నికెల్ దాదాపు ఉండదు, అందుకే దానికి అంటుకుంటుంది. ఇదంతా మూడో తరగతి పిల్లలకు చెప్పక్కర్లేదు, నేనూ చెప్పలేదు. స్టీలు అంటే ఒకటే కాదు, కలిపే సరుకును బట్టి గుణం మారుతుంది అన్నంత వరకు చాలు. కానీ ఒక పిల్ల, పేరు రాయను, మా పక్క ఫ్లాట్ అమ్మాయి, క్లాసులో అసలు నోరు విప్పదని వాళ్లమ్మ బాధపడుతూ ఉంటుంది, ఆ పిల్ల అంటుకోని గ్లాసును వదలకుండా అంగుళం అంగుళం మ్యాగ్నెట్‌తో తడిమి, అంచు మడత పెట్టిన చోట సన్నగా లాగుతోందని పట్టుకుంది. నిజమే. ఆ రకం స్టీలును గట్టిగా నొక్కి వంచిన చోట కొద్దిగా అయస్కాంత గుణం వస్తుంది. ఇన్నేళ్లుగా గ్లాసులు అమ్ముతున్నవాళ్లం, ఎవరో ఫ్యాక్టరీ ఆయన చెబితే తెలిసిన విషయం, ఆ పిల్ల చేత్తో కనిపెట్టింది. మీ టెస్టు పేపర్లో ఆ పిల్లకు ఎప్పుడూ పదికి నాలుగు, అయిదు.

నాణేలతో కూడా చేయించండి. రూపాయి బిళ్ల అంటుకుంటుంది, పసుపు రంగు అయిదు రూపాయల బిళ్ల అంటుకోదు. ఖర్చు ఆరు రూపాయలు, అదీ మళ్లీ వెనక్కి వస్తుంది.

మా కాటాతో ఇంకో పని చేయించాను. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, పక్కన కాగితం మీద ఒక పెద్ద చెంచాడు పంచదార పెట్టి, రెండూ కలిపి ఎంతో రాసుకోమన్నాను. తర్వాత పంచదార నీళ్లలో వేసి కలిపి, ఖాళీ కాగితాన్ని కూడా అక్కడే ఉంచి మళ్లీ తూయమన్నాను. బరువు తగ్గుతుందని ముగ్గురు తప్ప అందరూ పందెం కట్టారు. కళ్ల ముందే మాయమైపోయింది కదా మరి. కాటా మీద అంకె కదల్లేదు. ఒకడు నమ్మక కాటా ఆపి మళ్లీ ఆన్ చేశాడు, ఇంకొకడు చెంచాకు అంటుకున్న నీళ్లు కూడా గ్లాసులో దులపాలన్నాడు. ఆ రెండోవాడు చేసిందే సైన్సు అని నా అభిప్రాయం. ఐసు ముక్కల్ని మూత డబ్బాలో పెట్టి కరగకముందు, కరిగాక తూస్తే కూడా అంతే, కాకపోతే డబ్బా బయట పట్టిన చెమట తుడిచి తూయాలి, తుడవకపోతే బరువు పెరిగినట్టు చూపిస్తుంది.

ఆ చెమట దగ్గరే ఇంకో పాఠం ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బయట నీటి బొట్లు ఎక్కడివని అడిగితే సగం మంది పిల్లలు లోపలి నీళ్లే బయటికి ఊరాయంటారు. కుండ ఊరుతుంది కాబట్టి సీసా కూడా ఊరుతుందని వాళ్ల లెక్క, పిచ్చి లెక్కేం కాదు. గ్లాసులో కుంకుమ కలిపిన ఎర్రనీళ్లు పోసి ఐసు ముక్కలు వేయండి, పక్కనే అవే ఎర్రనీళ్లు ఐసు లేకుండా ఇంకో గ్లాసులో పెట్టండి. కాసేపటికి మొదటి గ్లాసు బయట బొట్లు పడతాయి, తెల్ల గుడ్డతో తుడిస్తే ఎరుపు ఉండదు. రెండో గ్లాసుకు బొట్లే రావు. ఊరేదైతే ఎర్రగా రావాలి, రెండింటికీ రావాలి. గాలిలో కంటికి కనిపించని నీరు ఉందన్న మాట ఈ గుడ్డ ముక్క చెప్పినంత గట్టిగా ఏ టీచరూ చెప్పలేరు. మన బెజవాడ ఉక్కపోతలో ఈ ప్రయోగం ఫెయిలయ్యే ప్రసక్తే లేదు!

2024 సెప్టెంబరు వరదలప్పుడు ప్రకాశం బ్యారేజీ గేట్లకు పడవలు కొట్టుకొచ్చి గుద్దుకున్నాయి గుర్తుందా, టీవీల్లో రోజులకు రోజులు అదే చూపించారు, భవానీపురం వైపు పిల్లలైతే వాళ్ల నాన్నల బళ్ల మీద వెళ్లి మరీ చూసొచ్చారు. భారీ ఇనుప పడవలు. ఆ పిల్లల నోట్సులో మాత్రం ఇనుము మునుగును, చెక్క తేలును అని ఉంది. నీళ్ల టబ్బులో చెంచా వేస్తే మునిగింది, దానికంటే ఎన్నో రెట్లు బరువున్న స్టీలు డబరా పెడితే తేలింది. అల్యూమినియం ఫాయిల్ ముక్కను ఉండ చేసి వేస్తే, మునుగుతుందనుకున్నారు, అదీ తేలింది. ఆ ఉండను రోకలితో చితక్కొట్టి గట్టిగా చేసి వేస్తే మునిగింది. లోపలి గాలి పోయింది కాబట్టి. ఫాయిల్ అదే, బరువు అదే. మునగడం, తేలడం అనేది ఏ లోహం అన్న ఒక్కదాని మీదే ఉండదని, అది ఎంత చోటు ఆక్రమించిందన్నది కూడా చూడాలని ఆ రోకలి దెబ్బతో తెలిసింది. కొండపల్లి బొమ్మ ఒకటి, అంతే సైజు టేకు ముక్క ఒకటి చేతిలో పెట్టండి, ఆ బొమ్మ చెక్కిన తెల్ల పొణికి కర్ర ఎంత తేలికో అర్థమవుతుంది, ఎందుకు ఆ కర్రతోనే బొమ్మలు చెక్కుతారో అడుగుతారు. కొండపల్లి ఎంతో దూరం లేదు, మీ పిక్నిక్ బస్సు ఎటూ ఏడాదికోసారి వాటర్ పార్కుకు వెళ్తూనే ఉంది.

పోనీ ఇవన్నీ ఆటలు, పాఠం వేరు అంటారేమో. జీన్ పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో జీవితమంతా చూసిన మనిషి, ఒక చిన్న పరీక్ష చేసేవారు. పొట్టి గ్లాసులోని నీళ్లను పిల్లల ముందే పొడుగాటి సన్న గ్లాసులోకి ఒంచి, ఎందులో ఎక్కువున్నాయని అడిగేవారు. సుమారు ఏడేళ్లలోపు పిల్లలు ఎక్కువ మంది పొడుగు గ్లాసులో ఎక్కువున్నాయంటారు. మా షాపులో సోల, గిద్ద లాంటి పాత కొలతల నుంచి పొడుగు గ్లాసుల దాకా అన్నీ ఉన్నాయి కదా, ఒకటో తరగతి పిల్లకు చేసి చూపించాను. తిరిగి పొట్టి గ్లాసులోకి పోసి చూపించినా ఒప్పుకోలేదు, "అప్పుడు ఎక్కువయ్యాయి, ఇప్పుడు తగ్గాయి" అంది. అదే పిల్ల వర్క్‌బుక్‌లో ద్రవానికి నిర్దిష్ట ఘనపరిమాణం ఉండును అని గుండ్రటి అక్షరాలతో అయిదుసార్లు రాసి ఉంది, వెరీ గుడ్ అని స్టార్ కూడా ఉంది. ఆ పిల్ల అబద్ధం రాయలేదు, మీరు మోసమూ చేయలేదు. కానీ రాసిన వాక్యం ఒక పక్క, కళ్లతో చూసి నమ్మింది ఇంకో పక్క, రెండూ ఎప్పుడూ కలుసుకోకుండా ఆ బుర్రలో ఉండిపోతాయి. ఇంటర్‌కి వచ్చాక ఫార్ములా అంతా వచ్చి, ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే తెల్లమొహం వేసే పిల్లల్ని చూసి మీ లెక్చరర్లే తలపట్టుకుంటున్నారు కదా.

ఇదేదో నేను కొత్తగా అడుగుతున్నది కాదు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఉంది, చదువు పిల్లలు స్వయంగా చేసి, వెతికి, కనుక్కునే పద్ధతిలో ఉండాలని. 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రతి దశలోనూ చేతులతో చేసి నేర్చుకోవడం ఉండాలని చెప్పింది. మీ అడ్మిషన్ బ్రోచర్లలో ఎన్ఈపీ అన్న మూడు అక్షరాలు నాకు ప్రతి పేజీలో కనిపిస్తున్నాయి కాబట్టి దాని గురించి మీకు చెప్పక్కర్లేదు.

డబ్బు, ల్యాబు లేకుండా కుదరదనేవాళ్లకు మాత్రం ఒకటి చెప్పాలి. మధ్యప్రదేశ్ హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మిడిల్ స్కూళ్లలో ఒక సైన్స్ కార్యక్రమం మొదలుపెట్టారు. పల్లెటూరి సర్కారు బడులు. పిల్లలు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని ప్రయోగం చేయాలి, చూసింది చూసినట్టు రాయాలి, లెక్క కుదరకపోతే క్లాసంతా కలిసి వాదించుకోవాలి. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చేవారు, ఎందుకంటే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అడిగేవారు కాదు, ప్రయోగాలు కూడా చేయించేవారు. మూడు దశాబ్దాలు నడిచి ఎన్నో బడులకు పాకాక 2002లో అక్కడి ప్రభుత్వమే ఆపేసింది, అది వేరే కథ. అక్కడికి 1978లో ఐఐటీ కాన్పూర్‌లో చదివిన ఇంజనీరు అరవింద్ గుప్తా వెళ్లి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో బొమ్మలు చేసి పిల్లలకు సైన్సు నేర్పే పని మొదలుపెట్టారు, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. మూడో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు కట్టుకున్న మీరు, ఐఐటీలో చదివినాయన పిల్లల చేతికి ఏమిచ్చాడో ఒకసారి చూడండి. అగ్గిపుల్ల ఇచ్చాడు. మీరు వర్క్‌షీట్ ఇస్తున్నారు.

మీ ఇబ్బందులు నాకు తెలీక కాదు. క్లాసులో నలభై మంది, నీళ్లు ఒలుకుతాయి, గోల అవుతుంది, కారిడార్‌లో వెళ్తున్న ప్రిన్సిపాల్ గారు ఆగి "ఏంటీ గోల" అంటారు. ఆ ఒక్క మాట ఆపితే చాలు, సగం మంది టీచర్లు రేపే మొదలుపెడతారు, వాళ్లకు రాక కాదు, భయం. నలభై మందికీ ఒకేసారి చేయించక్కర్లేదు, అయిదారుగురు ఒక గుంపు, గుంపుకో ప్లాస్టిక్ టబ్బు. నీళ్ల పని ఉన్నరోజు గ్రౌండ్‌లో చెట్టు కింద పెట్టండి. ప్లేగ్రౌండ్ లేదంటారా, అది ఇంకో లేఖ.

వేడి చేసేవి, మంటతో పని ఉన్నవి టీచరే చేయాలి, పిల్లలు దూరం నుంచి చూడాలి. మా వీధికి అప్పుడప్పుడు కళాయి వేసేవాళ్లు వస్తారు, బొగ్గుల కుంపటి మీద ఇత్తడి గిన్నె కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాస్తే అది వెన్నలా కరిగి పరుచుకుంటుంది, గిన్నె మాత్రం కరగదు. తగరానికి 232 డిగ్రీలు చాలు, ఇత్తడికి తొమ్మిది వందల డిగ్రీల పైమాటే. చూపించదగ్గ పని, కానీ పిల్లల్ని గీత అవతలే నిలబెట్టాలి. అలాగే ఆ గుండీ సైజు మ్యాగ్నెట్లు వద్దు, చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది, పెద్దదే వాడండి. కలరా ఉండలు వద్దు, కర్పూరం చాలు, మూత తీసి పెట్టిన కర్పూరం బిళ్ల రోజురోజుకీ ఎలా చిక్కిపోతుందో బరువు తూసి రాయమనండి. డిసెంబరు దాకా ఆగితే కొబ్బరినూనె మీకోసం అదే గడ్డకడుతుంది, 24 డిగ్రీల దగ్గరే దానికి ఆ గుణం ఉంది, పొద్దున గడ్డ, మధ్యాహ్నం నూనె, ఏ ఫ్రిజ్జూ స్టవ్వూ అక్కర్లేదు.

మా తల్లిదండ్రుల సంగతీ చెప్పాలి, లేకపోతే ఒకవైపే మాట్లాడినట్టవుతుంది. యూనిఫాం మీద కుంకుమ మరక పడిందని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేది మేమే. ఫిబ్రవరి 28 సైన్స్ డే వస్తోందంటే బీసెంట్ రోడ్డు స్టేషనరీ షాపులో రెడీమేడ్ థర్మోకోల్ అగ్నిపర్వతం కొని, పిల్లాడి చేత మూడు ఇంగ్లీషు వాక్యాలు బట్టీ పట్టించి నిలబెట్టేదీ మేమే. దానికి మీరు ఫస్ట్ ప్రైజ్ ఇస్తారు. ఈసారి ఒక పని చేయండి, ఇంట్లో చేసిన మోడల్ తేవద్దని సర్క్యులర్ పంపండి. టేబుల్ మీద మీరే నాలుగు వస్తువులు పెట్టి, పిల్లలు అక్కడికక్కడ ఏం కనుక్కుంటారో చూడమని మమ్మల్ని పిలవండి. వస్తాం. మొదట్లో సణుగుతాం, వస్తాం.

అడగాల్సినవి అడిగేస్తాను. మూడు, నాలుగు, అయిదు తరగతులకు వారానికి ఒక్క డబుల్ పీరియడ్ ఇవ్వండి, ఆ పీరియడ్‌లో నోట్సు రాయించకండి, దాన్ని పోర్షన్‌లో లెక్కేయకండి, పరీక్షల ముందు లెక్కలకు లాక్కోకండి. పదార్థాల పాఠంలో నిర్వచనం చివరి రోజుకు వదిలేయండి, అప్పటిదాకా పిల్లల మాటల్లోనే రాసుకోనివ్వండి, బుల్లి బుల్లి గోళీలు అన్నా సరే. హాఫ్ ఇయర్లీ పేపర్లో కనీసం ఒక్క ప్రశ్న "నువ్వు ఏం చేశావు, ఏమవుతుందనుకున్నావు, ఏమైంది" అని అడగండి, దానికి కీ ఉండదు, దిద్దడానికి టీచర్‌కు టైమ్ పడుతుంది, ఆ టైమ్ ఇవ్వండి. టీచర్లకు ఆన్‌లైన్ ట్రైనింగ్ వీడియోలు పంపడం మాని, ఒక శనివారం వాళ్లకే టబ్బు, రవ్వ, మ్యాగ్నెట్ ఇచ్చి కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి, ఏసీ గదిలో వద్దు, నేల మీద.

సామాన్లకు వెతుక్కోవద్దు. రవాణాలో సొట్టలు పడ్డ గిన్నెలు, జత తప్పిన మూతలు, అమ్ముడుపోని ఇత్తడి గిద్దలు, కళాయి పోయిన గ్లాసులు మా గోడౌన్‌లో గోనెసంచుల్లో పడి ఉన్నాయి, ఏ స్కూలు అడిగినా ఇస్తాను, డబ్బులొద్దు. సామాన్ల బజారులో మాలాంటి షాపులు చాలానే ఉన్నాయి, అడిగితే వాళ్లూ కాదనరు. స్కూలు లెటర్‌హెడ్ కూడా అక్కర్లేదు, టీచర్ గారు మధ్యాహ్నం మూడు తర్వాత ఒక సంచి పట్టుకుని వస్తే చాలు. అయితే ఒక్క షరతు, తీసుకెళ్లినవి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయకూడదు.

ఇట్లు,
మూడో తరగతి పిల్ల తల్లి,
వన్‌టౌన్, విజయవాడ